వాతావరణం పెట్టెలో గాలి ఏది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన సోమవారం మీ నగరం పేజీలో, కింద మూలన, మా కాలనీ వెనకాల గుట్ట అంటుకున్న వార్త వేశారు. ఫొటో బాగుంది. గుట్ట మీద ఆంజనేయస్వామి గుడి, దాని వెనక నల్లటి పొగ, ముందు సెల్‌ఫోన్లు పైకెత్తిన జనం. వార్తలో ఒక్క వాక్యం మాత్రం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ‘పడమటి గాలులు బలంగా వీయడంతో మంటలు పడమర దిక్కుగా వ్యాపించాయి’ అని రాశారు. అయ్యా, పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. పడమరకు పోయే గాలి కాదు. ఆ రోజు మంట వచ్చింది తూర్పుకి. మా ఇళ్లున్నది తూర్పునే కాబట్టి ఈ విషయంలో నాకు సందేహం లేదు.

మిమ్మల్ని తూర్పారబట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. కానీ పైరగాలి, పడమటి గాలి, వడగాలి, ఈదురుగాలి అని గాలికి ఇన్ని పేర్లు పెట్టుకున్న మనం, అది ఎటు నుంచి వస్తుందో మర్చిపోయామే అని బాధ. మా నాయన కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడానికి చేట ఎత్తే ముందు గుప్పెడు పొట్టు వదిలి చూసేవాడు. అటూ ఇటూ ఊగితే చేట దించి చుట్ట వెలిగించుకునేవాడు. ‘గాలి ఇంకా రాలేదురా’ అనేవాడు, ఏదో బస్సు రానట్టు.

నా సంగతి చెప్పాలి. బేగంపేటలో వాతావరణ పరిశీలకుడిగా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు నా పని పైలట్ బెలూన్ వదలడం. రబ్బరు బెలూన్‌లో హైడ్రోజన్ నింపి వదిలి, థియోడొలైట్ అనే కోణాలు కొలిచే దుర్బిణిలో కన్ను పెట్టి, అది కనిపించకుండా పోయేదాకా నిమిషానికోసారి కోణాలు రాసుకోవాలి. వాటితో ఏ ఎత్తులో గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతాం. తెల్లవారుజామున 5:30కి వదిలిన బెలూన్ ఎలా పోయేదో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. నేల మీద ఆకు కదలదు. బెలూన్ నిట్టనిలువునా కొంత ఎత్తు లేస్తుంది. అంతలో ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు ఒక పక్కకి పరుగు తీస్తుంది. అంటే పొద్దున కూడా గాలి ఉంది, పైన ఉంది. రాత్రి చల్లబడిన నేల మీద చల్లగాలి దుప్పటిలా పరుచుకుని దాన్ని కిందికి దిగనివ్వదు. ఎండెక్కి నేల కాగితే ఆ దుప్పటి చెదిరిపోతుంది, కింది వేడిగాలి పైకి లేస్తుంది, పైగాలి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు విసురు విసురుగా కొట్టే గాలి అదే.

మా గుట్ట అంటుకున్నది సరిగ్గా ఈ సంగతి తెలియక.

ఔటర్ రింగ్ రోడ్డుకి ఇవతల మాదొక పాత కాలనీ. పేరు రాయను, రేపు పొద్దున వాకింగ్‌లో మళ్లీ వాళ్ల మొహాలే చూడాలి. ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి చెత్త ఊడ్చేవాళ్లు రాలిన ఆకులన్నీ గుట్టకి పడమటి పక్కన ఖాళీ జాగాలో పోగేసి నిప్పు పెట్టారు. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ చెత్త తీసుకెళ్లడానికి బండి రాక వారమైంది. పైగా వాళ్ల లెక్కలో వాళ్లు జాగ్రత్తపడ్డారు, గాలి లేనప్పుడే పెట్టారు. పొగ నిట్టనిలువునా లేచింది, నేను కూడా చూశాను, చూసి ఊరుకున్నాను. గంటకల్లా మంట ఆరింది. పైన తెల్లటి బూడిద, కింద నిప్పు. నివురుగప్పిన నిప్పు అని మనం మనుషుల గురించి వాడే మాటే, ఇక్కడ మాత్రం నిజంగా నివురూ నిప్పూ. మధ్యాహ్నం రెండున్నరకి పైగాలి కిందికి దిగింది. బూడిద ఎగిరింది, నిప్పు బయటపడింది, పక్కనే మోకాలెత్తు ఎండుగడ్డి.

పశ్చిమం వైపు గుట్ట అడుగు నుంచి గుడిదాకా 150 మీటర్లు ఉంటుంది. మధ్యలో రెండు పెద్ద బండరాళ్ల నడుమ వానాకాలంలో నీళ్లు దిగే వాగులాంటి సందు ఉంది. మన హైదరాబాద్ గుట్టలన్నిటికీ ఇలాంటి సందులు ఉంటాయి, ఖాజాగూడలో చూడండి, మౌలాలీలో చూడండి. ఆ సందులో సీతాఫలం చెట్లు, లాంటానా పొదలు, ఎండుగడ్డి. మంట మొదట అడుగున చదునులో తీరిగ్గా పాకింది. సందు మొదట్లోకి రాగానే దాని నడక మారిపోయిందని గుట్ట పక్కన మేకలు కాసే పెద్దాయన చెప్పాడు. ‘ఆడిదాకా మేకలెక్క నడిచింది సారూ, ఆడికెంచి ఉరికింది’ అన్నాడు.

ఎందుకు ఉరికిందో నేను తర్వాత కొలిచి చూశాను. మనవడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి, దారం కట్టి, దానికి చొక్కా గుండీ వేలాడదీసి వాలు కొలిచాను. అడుగున 8 డిగ్రీలు. సందులో 20కి పైనే. చదునులో మంట నిటారుగా ఉంటుంది, పక్కనున్న గడ్డికి దాని వేడి కొంతే అందుతుంది. వాలు మీద అదే మంట పైనున్న గడ్డి మీదికి వంగినట్టవుతుంది. ఆ గడ్డి అంటుకోకముందే వేడికి దాని తేమంతా ఆరిపోతుంది, నిప్పు తగలగానే భగ్గుమంటుంది. ఆస్ట్రేలియాలో మెకార్థర్ అనే అటవీ శాస్త్రవేత్త చెప్పిన ఒక మోటు లెక్క ఉంది. ఎగువకి పోయే మంట, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు రెట్టింపు వేగం అందుకుంటుంది. 10 డిగ్రీలకి రెండింతలు, 20కి నాలుగింతలు. మనిషి సంగతి దీనికి తలకిందులు, వాలు పెరిగేకొద్దీ కాళ్లు బరువెక్కుతాయి.

దీనికి గాలి తోడైతే? అగ్నికి వాయువు తోడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. గాలి కూడా వాలు చేసే పనే చేస్తుంది, మంటని ముందుకి వంచుతుంది. పైగా ఊపిరి అందిస్తుంది, గడ్డిని ఎండబెడుతుంది, నిప్పురవ్వల్ని మోసుకెళుతుంది. బాగా ఎండిన గడ్డిలో మంట ముందుకి పోయే వేగం గాలి వేగంలో సుమారు ఐదో వంతు అని, చెట్లూ పొదలున్న చోట పదో వంతు అని ఒక అంచనా ఉంది. 20 కిలోమీటర్ల గాలి అంటే గడ్డిలో మంట గంటకి 4 కిలోమీటర్లు, మనిషి నడక. వాలు లెక్కా గాలి లెక్కా పక్కపక్కన పెట్టి గుణించేయడం శాస్త్రం ఒప్పుకోదు గానీ, 20 డిగ్రీల సందులో వెనక నుంచి పడమటి గాలి తోస్తుంటే ఏమవుతుందో ఊహించడానికి ఇది చాలు. ఆ సందు పొయ్యి గొట్టంలా పనిచేసింది. మా ఇంటి డాబా మీది నుంచి చూస్తే గుడి వెనక పొగ ముందు బూడిద రంగులో ఉంది, నేను లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకునేలోపు నల్లబడింది.

ఆ సమయంలో ముగ్గురు కుర్రాళ్లు వీడియో కోసం గుడి దాటి పడమటి వాలు మీదికి దిగి ఉన్నారు. సందుకి సగం పైన ఒక బండ మీద నిలబడ్డారు. మేకల పెద్దాయన కింద, కాలిపోయిన నల్లటి నేల మీద నిలబడి అరిచాడట: ‘పైకి ఉరుకకుండ్రి! పక్కకెల్లి కాలిన దిక్కు రాండ్రి!’ మంట వైపే రమ్మంటున్నాడు, ఈయనకి పిచ్చా అనుకున్నారు వాళ్లు. ఇద్దరు పైకే పరిగెత్తారు. పైన గుడి ముందు గడ్డి లేని నున్నటి బండ ఉండబట్టి బతికారు. ఒకడి కనుబొమలు కాలాయి. మూడోవాడు పట్టుతప్పి పక్కకి జారి, మంట చివరి అంచు దాటి మసిలో పడ్డాడు. చెప్పుల అడుగు కరిగింది, అరికాలు బొబ్బలెక్కింది. అంతే. ముగ్గురిలో ఆ సాయంత్రం మామూలుగా ఊపిరి పీల్చినవాడు వాడొక్కడే, మిగిలిన ఇద్దరికీ రాత్రంతా దగ్గు.

కాలిన చోట మళ్లీ కాలడానికి ఏమీ ఉండదు. ఈ చిన్న సంగతి అమెరికాలో అడవి మంటలార్పేవాళ్లు ప్రాణాలిచ్చి నేర్చుకున్నారు. 1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే కోనలోకి పారాచూట్లతో దిగిన బృందం వెనక మంట గడ్డివాలు ఎక్కుతూ తరుముకొచ్చింది. నాయకుడు వాగ్ డాడ్జ్ పరుగు ఆపి, అగ్గిపుల్ల గీసి, తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. అది కాలి పైకి పోయాక ఆ బూడిదలో బోర్లా పడుకున్నాడు. మిగతావాళ్లని కూడా రమ్మన్నాడు, ఎవరూ నమ్మలేదు, పైకే పరిగెత్తారు. 13 మంది చనిపోయారు. డాడ్జ్ బతికాడు. మా మేకల పెద్దాయన ఆ పేరు వినలేదు. ఈ సంగతి ఆయనకి ఎవరు నేర్పారని అడిగితే, ‘మేకలు సారూ, అవి ఎప్పుడూ కాలిన దిక్కే ఉరుకుతయి’ అన్నాడు. నిజమో, నన్ను ఆటపట్టించాడో తెలియదు.

మనకి దగ్గర్లోనే ఇంకా పచ్చిగా ఉన్న గాయం కురంగణిది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కొండల్లో ట్రెక్కింగుకి వెళ్లిన వాళ్లు గడ్డివాలు మీద మంటలో చిక్కుకున్నారు. 20 మందికి పైగా పోయారు, ఎక్కువమంది చిన్న వయసువాళ్లే. మన అనంతగిరికి, నర్సాపూర్ అడవికి, నల్లమలకి వారాంతాల్లో బస్సులేసుకుని పోతున్న పిల్లలకి నీళ్ల సీసాలు, టోపీలు గుర్తుచేసే మనం, ఏ మధ్యాహ్నం గాలి ఎటు నుంచి వస్తుందో చెప్పి పంపడం లేదు.

ఇక మా వీధికొస్తే. గుడి దాటాక తూర్పు వాలు మాది. దిగువకి పోయేటప్పుడు మంట నెమ్మదిస్తుంది, వేడంతా వెనక కాలిపోయిన వైపుకి, పైకి పోతుంది కాబట్టి. అలాగే నెమ్మదించింది కూడా. కాలనీ అంతా హమ్మయ్య అనుకుంది. అంతలో మా పక్కింటి సుబ్బలక్ష్మత్తయ్య (ఇది ఆవిడ అసలు పేరు కాదు, అత్తయ్య అని మాత్రం వీధంతా పిలుస్తుంది) డాబా మీది నుంచి కేకేసింది. అక్కడ వడియాలు పెట్టి, వాటి మీద పాత నేత చీర కప్పింది. ఆ చీరకి ఏడు చిల్లులు. ఒక్కోటి రూపాయి బిళ్లంత. గుట్ట అడుగు నుంచి ఆ డాబాకి నా అడుగుల్లో 96.

ఇక్కడే మళ్లీ మా నాయన కళ్లం గుర్తొచ్చింది. తూర్పారబడుతుంటే గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు నాలుగడుగుల అవతల, పొట్టు కళ్లం దాటి కంచె మీద. నిప్పురవ్వలదీ అదే తూకం. మండే కట్టెముక్క దగ్గర్లో పడుతుంది, బెరడు పెచ్చు ఇంకొంచెం దూరం, గడ్డిపరక, ఎండుటాకు గాలి ఎంత మోస్తే అంత. గుట్ట కొసకి చేరిన మంట చేట ఎత్తి పట్టుకున్నట్టే, ఎత్తు మీది నుంచి గాలికి వదులుతుంది. అందుకే మంట గుట్ట మీదే నెమ్మదించినా రవ్వలు ఇవతల ఇళ్ల మీద పడ్డాయి. ఏడు చిల్లుల చీర కింద ఎండుగడ్డి కాదు, తడి వడియాలు ఉండబట్టి సరిపోయింది. రెండిళ్ల అవతల డాబా మీద పాత పరుపులు, అట్టపెట్టెలు ఉన్నాయి. అవతలి వీధిలో షెడ్డు మీద టార్పాలిన్ ఉంది.

వాలు దిగే మంట నెమ్మదిగా పోతుందన్నాను కదా, దాన్ని పట్టుకుని ఎవరూ ధీమాగా కూర్చోకండి. గాలే వాలు దిగుతుంటే ఆ సూత్రం చెల్లదు. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణం మీదికి మంట కొండ మీది నుంచి కిందికే వచ్చింది. పడమటి మావీ కొండలు దాటి విరుచుకుపడిన గాలి, ఒకప్పటి చెరకు తోటల్లో పెరిగిన ఎండుగడ్డి మీదుగా ఊళ్లోకి తోసింది. వంద మందికి పైగా పోయారు. కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరికి 2018 నవంబరు 8న పట్టిన గతీ అలాంటిదే, నది లోయ గుండా బిగువుగా దూసుకొచ్చిన గాలితో. 85 ప్రాణాలు. మన దగ్గర అంత గాలి, అంత అడవి లేవు నిజమే. కానీ రెండు పాతికంతస్తుల టవర్ల మధ్య సందులో నిలబడి చూడండి, గొడుగు తిరగబడుతుంది. కొండల మధ్య కనుమ చేసే పనే ఇప్పుడు మన టవర్లు చేస్తున్నాయి. వాటి వెనక ఖాళీ జాగాల్లో గడ్డి నడుము ఎత్తు.

సాయంత్రం నాలుగున్నరకి ఇంకో ముచ్చట. ఫైరింజన్ త్వరగానే వచ్చింది. గుట్ట మీదికి బండి ఎక్కే దారి లేక తూర్పు వీధిలోనే నిలిపి, గొట్టాలు లాగి ఇళ్ల వైపు ఆర్పుతున్నారు, చాలా శ్రమపడ్డారు. దక్షిణాన అప్పటికే కుములోనింబస్ మబ్బు, అంటే ఉరుములతో కురిసే మబ్బు, కట్టింది. అలాంటి మబ్బు కురిసే ముందు చల్లగాలి ధడాలున కిందికి దిగి నాలుగు దిక్కులకీ చిమ్ముతుంది, అదే మన ఈదురుగాలి. పడమటి గాలి పడిపోయింది, ఒక నిమిషం ఏమీ లేదు, తర్వాత దక్షిణపు గాలి కొట్టింది. అప్పటిదాకా మంటకి ఉత్తరపు అంచు, పొడుగ్గా, చేతి ఎత్తున, ఎవరికీ పట్టనట్టు నిదానంగా కాలుతోంది. గాలి మారగానే ఆ అంచంతా ఒక్కసారిగా ముందు భాగమైంది. అంతసేపూ 20 మీటర్ల వెడల్పున్న మంట ఇప్పుడు 150 మీటర్ల వెడల్పుతో ఉత్తరానికి లేచింది. అక్కడ ఉన్నవి భవన కార్మికుల గుడిసెలు.

ఆస్ట్రేలియాలో 2009 ఫిబ్రవరి 7 నాటి ఘోరం, 173 మందిని మింగినది, ఇలాగే మలుపు తిరిగింది. పగలంతా వాయవ్యపు గాలి మంటల్ని పొడుగ్గా లాగింది, సాయంత్రం గాలి నైరుతికి మారేసరికి ఆ పొడుగు పక్కలే ముఖాలై ఊళ్ల మీదికి తిరిగాయి. మా దగ్గర మేకల పెద్దాయన, వాచ్‌మన్, గుడిసెల్లోని ఆడవాళ్లు పచ్చి వేపమండలతో కొట్టారు. తర్వాత పది నిమిషాలు వాన పడింది. ఒక టార్పాలిన్, ఒక సైకిలు, ఒక మూట బట్టలు పోయాయి. మీ వార్తలో ‘ఎలాంటి నష్టం జరగలేదు’ అని ఉంది.

ఇప్పుడు అసలు విషయం, ఈ ఉత్తరం ఎందుకు రాశానన్నది. మీ పత్రికలో రోజూ వాతావరణం పెట్టె ఉంటుంది. గరిష్ఠం, కనిష్ఠం, తేమ శాతం, సూర్యోదయం, సూర్యాస్తమయం. గాలి లేదు. అడవి మంటల గురించి కొన్ని దేశాల్లో ఒక బండగుర్తు వాడతారు: ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి, తేమ 30 శాతం లోపు పడి, గాలి గంటకి 30 కిలోమీటర్లు దాటితే ప్రమాదం. హైదరాబాద్‌కి దీన్ని అన్వయించి చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటని రోజు ఏది? తేమ కూడా చాలా మధ్యాహ్నాలు 30 లోపే. అంటే మీరు వేస్తున్న రెండు అంకెలూ వేసవంతా ఒకే మాట చెబుతాయి. ఇవాళ్టికీ రేపటికీ తేడా చెప్పేది మూడోది. దాన్నే మీరు వేయడం లేదు.

ఇదేం ఖర్చుతో కూడిన పని కాదు. బేగంపేటలో గాలి కొలుస్తూనే ఉన్నారు, రాష్ట్రవ్యాప్తంగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఒక్క వరుస చాలు: రేపు మధ్యాహ్నం గాలి ఎటు నుంచి, సగటు ఎంత, విసురు ఎంత. విసురు, అంటే ఉన్నట్టుండి ఒక్కసారిగా కొట్టే గాలి వేగం, తప్పకుండా వేయాలి. సగటు గంటకి 12 కిలోమీటర్లు ఉన్న రోజు విసురు 35 ఉండొచ్చు, మంటని గుట్ట ఎక్కించేది ఆ విసురే. ఇంకో జాగ్రత్త. ఆ అంకె 10 మీటర్ల స్తంభం మీద, చుట్టూ అడ్డు లేని చోట కొలిచింది. గుట్ట కొస మీద అంతకంటే ఎక్కువ ఉంటుంది, గుట్ట చాటున తక్కువ ఉంటుంది, కొన్నిసార్లు సుడి తిరిగి వెనక్కి కూడా వీస్తుంది. ఆ రోజు తూర్పు అడుగున పొగ గుట్ట వైపుకే పోతుంటే మా కాలనీ సెక్రటరీ ‘గాలి అటే ఉందండీ, మనకేం టెన్షన్ లేదు’ అన్నారు. అది చాటుగాలి. పైన రవ్వలు ఇటే వస్తున్నాయి. యంత్రం లేనివాళ్లకి ఒక గుర్తు చెబుతా: రోడ్డు మీద దుమ్ము, కాగితాలు, పాలిథీన్ కవర్లు లేస్తుంటే 20 కిలోమీటర్లు దాటినట్టు. చిన్న చెట్లు మొదలంటా ఊగుతుంటే 30 దగ్గర పడినట్టు.

ఉపగ్రహాలు చూస్తాయి కదా అని మా అబ్బాయి అంటాడు. చూస్తాయి. ఎక్కడో కాదు, మన షాద్‌నగర్‌లోనే దూరసంవేదన కేంద్రం వారి గొడుగుల్లాంటి యాంటెనాలు ఆ సంకేతాలు అందుకుంటాయి, దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్లు అటవీ సిబ్బంది ఫోన్లకి హెచ్చరికలు పంపుతారు. నల్లమలకీ, అమ్రాబాద్‌కీ అది వరం. కానీ ఆ ఉపగ్రహాల్లో మంటల్ని బాగా పట్టే పరికరానికి నేల మీద ఒక చుక్క 375 మీటర్లు. మా గుట్ట మొత్తం ఒక చుక్కలో దాక్కుంటుంది. పైగా అది మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. మా మంట లేచింది రెండున్నరకి.

కాలనీ మీటింగు పెట్టారు. గడ్డి కోయించాలని తీర్మానం. కోత మిషన్ ఎక్కగలిగినంత వరకు, అంటే వాలు సగంలో ఒక పట్టీ కోయిస్తామన్నారు. వాలు నడుమ గీత గీస్తే కింద నుంచి ఊపుమీద వచ్చే మంట దాన్ని లెక్కచేయదు, పైన మండే మొద్దు దొర్లితే గీత దాటి కింద పడుతుంది అని చెప్పాను. అటవీ శాఖవాళ్లు వేసవికి ముందే ఫైర్ లైన్లు (మంట దాటకుండా గడ్డి తీసేసిన పట్టీలు) గీసేటప్పుడు కొండ కొసలు, దారులు, వాగులు చూసుకుని గీస్తారు, మంట సహజంగా నెమ్మదించే చోట్లు అవి. మనకైతే అడుగున పడమటి పక్క ఒకటి, కొస మీద గుడి చుట్టూ ఒకటి, సందులో లాంటానా మొత్తం తీసేయడం. ‘అంకుల్, మీరు బెలూన్ల డిపార్ట్‌మెంటు కదా’ అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి సందు శుభ్రం చేయడానికి ఒప్పుకున్నారు. మేకల పెద్దాయనకి చెప్పి మేకల్ని ఫిబ్రవరిలోనే గుట్ట మీదికి తోలమందామన్నది నా సలహా, అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు. చెత్త తీసుకెళ్లే బండి గురించి మాత్రం ఇంకా ఎవరికి రాయాలో తేలలేదు.

మా ఆవిడ ఈ ఉత్తరం చదివి, ‘నువ్వు రాస్తే గాలి ఆగుతుందా’ అంది. నేను అడుగుతున్నది ఆపమని కాదు, అచ్చు వేయమని.

పక్కింటి అత్తయ్య ఆ ఏడు చిల్లుల చీర పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. చిల్లులు లేని కొంగు వైపు మూరెడు చింపి మా డాబా మీద ఇనుప పైపుకి కట్టాను. పొద్దున ఏడింటికి అది తడి బట్టలా వేలాడుతోంది. ఇప్పుడు రెండుంపావు. కొంగు తూర్పుకి సాగి, టపటపా కొట్టుకుంటోంది. గాలి పడమర నుంచి, నా అంచనా 22, విసురు 30 పైన. దయచేసి దిక్కు సరిగా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వాతావరణ పరిశీలకుడు,
హైదరాబాద్